అడగందే ఆపదు

ఆ ప్లగ్గులు మా ఇంటికి వచ్చిన రోజు నాంచారమ్మ వాటికి కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త వస్తువు ఏది వచ్చినా బొట్టు పెట్టడం ఆమె అలవాటు.

తెల్లగా, పిడికిలంత ఉన్నాయి. గోడకున్న సాకెట్లో ఒకటి గుచ్చి, దాంట్లో ఫ్రిజ్ వైరు పెట్టాలి. ఇంకొకటి గుచ్చి, దాంట్లో మిక్సీ. ఫ్యానుకి, నీళ్ల మోటారుకి, టీవీకి తలా ఒకటి. మా అమ్మాయి హైమ స్టూలెక్కి అన్నీ తనే బిగించింది. చివరి ప్లగ్గు పట్టుకుని వాళ్లమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

అక్కడ ఉండేది ఊపిరి మిషను. నాంచారమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచి నా మగ్గానికి నూలు కండెలు చుట్టింది. ఆ నూలు దుమ్మంతా ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుంది. డాక్టరు ఈ మిషను పెట్టుకోమన్నాడు. గదిలో గాలిని లాగి, అందులోంచి మంచి గాలి వడగట్టి, సన్నటి గొట్టంలోంచి ముక్కుకి అందిస్తుంది. అది ఆగినా ఆమె కాసేపు ఓర్చుకోగలదు. ఆ తర్వాత పెదాలు నల్లబడతాయి.

"దానికెందుకమ్మా ప్లగ్గు?" అన్నాను.

నేను మాట్లాడేది తక్కువ. మగ్గం గుంటలో కూర్చుని మాట్లాడితే పోగు తప్పుతుంది. చీరాలలో మగ్గాలు మూలబడ్డా నాకు ఆ అలవాటు పోలేదు. నేను నోరు తెరిచానంటే విషయం ఉన్నట్టేనని హైమకి తెలుసు. స్టూలు దిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఎండాకాలం మధ్యాహ్నం అందరూ ఒక్కసారే ఏసీలు వేస్తారు గదా నాన్నా. కరెంటు చాలక ఊరంతటికీ కోత పెడతారు. అప్పుడు అమ్మ మిషనూ ఆగుద్ది. ఈ ప్లగ్గులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. ఏ ఇంట్లో ఏది కాసేపు ఆగినా ఇబ్బంది లేదో చూసుకుని అక్కడ ఆపుతాయి, అవసరమున్న చోటికి మళ్లిస్తాయి. ఇంక కోత ఉండదు. పడుగులో బిగువు అన్ని పోగుల మీదా సమంగా పడాలని నువ్వేగా చెప్పేవాడివి. ఇదీ అంతే."

"మీ అమ్మ మిషను ఆపితే?"

"అడగందే ఏదీ ఆపదు. మనం వద్దంటే వద్దు. తయారుచేసింది మేమే గదా, నాకు తెలవదా?"

పిల్ల చదువుకుంది. గుంటూరు అవతల ఏదో పెద్ద కంపెనీలో, ఇట్లాంటివి కనిపెట్టే చోట పని చేస్తుంది. మా పేటలో ప్రతి ఇంటికీ ఆ ప్లగ్గులు ఊరికే ఇచ్చారు. పక్కింటి మస్తానమ్మ కూడా పెట్టించుకుంది.

మొదట్లో ఆ ప్లగ్గుల్లోంచి ఒక మగగొంతు వచ్చేది. రైల్వే స్టేషన్లో చెప్పినట్టు చెప్పేది. "ఫ్రిజ్‌ను కొద్దిసేపు నిలుపుదల చేయుటకు అనుమతించగలరా?"

నాంచారమ్మ పైట సర్దుకుని కూర్చునేది. గోడవైపు చూసి, "మా ఆయన ఇంట్లో లేడు బాబూ, తర్వాత రా" అనేది.

మస్తానమ్మ తీరు వేరు. ఆమె గొంతు గోడ దాటి మాకు వినపడేది. "నిలుపుదలా? నీ నోరు నిలుపుదల చేస్తా ఉండు. పెరుగు పులిసిపోతే నువ్వు తింటావా? ఎవడ్రా నా ఫ్రిజ్ ఆపేది?"

తిట్టగా తిట్టగా ఆ ప్లగ్గు ఆమెని అడగడం మానేసింది. ఎవరు ఇస్తారో, ఎవరు ఇవ్వరో అది నేర్చుకుంటుందని హైమ చెప్పింది. నేను నవ్వాను. మస్తానమ్మకి భయపడే సరుకు ఇంకోటి వచ్చిందన్నాను. హైమ కూడా నవ్వింది గానీ ఏదో ఆలోచనలో పడింది.

ఆ తర్వాత ఆదివారం వచ్చినప్పుడు హైమ వసారాలో కూర్చుని ఫోను నోటి దగ్గర పెట్టుకుని గంటలకొద్దీ చదివింది. అమ్మా, నాన్నా, తిన్నారా, కాసేపు ఆగండి, ఎట్టా ఉంది ఒంట్లో. ఇట్లా ఒకదానికొకటి సంబంధం లేని మాటలు.

"ఏందే, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు?" అంది నాంచారమ్మ.

"నా గొంతు ప్లగ్గులో పెడుతున్నానమ్మా. నేను ఊళ్లో లేనప్పుడు నీకు దగ్గరున్నట్టు ఉంటది."

నాంచారమ్మ కళ్లు తుడుచుకుంది. నాకూ సంతోషం వేసింది. అది దాచడం ఎందుకు.

అప్పటినుంచి మా ఇంట్లో గోడలు హైమ గొంతుతో పలికేవి. పొద్దున్నే మోటారు ప్లగ్గు, "నాన్నా, ట్యాంకు నిండింది, ఆపేశా" అనేది. మిక్సీ ప్లగ్గు, "పచ్చడి ఏందమ్మా ఇవాళ?" అనేది. నాంచారమ్మ వండుతూ దాంతో కబుర్లు చెప్పేది. గోంగూర ఏ చెట్టుది పుల్లగా ఉంటుందో, మస్తానమ్మ కోడలు ఎట్లా ముఖం తిప్పుకుందో అన్నీ చెప్పేది. అది ఊఁ కొట్టేది.

"పిల్ల ఇంట్లోనే ఉన్నట్టుందయ్యా" అనేది నాతో.

అడగడం కూడా మారింది. "అమ్మా, వెనక వీధిలో పసిబిడ్డకి ఉక్కగా ఉందంట. మన ఫ్యాను కాసేపు ఆపనా?"

"పర్వాలేదమ్మా, ఆపు."

ఆ మాట మా ఇంట్లో అందరం అనేదే. చుట్టం వచ్చి ఉన్న ఒక్క ముద్ద తినేసినా పర్వాలేదు. ఎవరైనా కాలు తొక్కినా పర్వాలేదు. బాగుందనీ కాదు, ఇష్టమనీ కాదు. ఎదుటి మనిషి చిన్నబోకూడదని అనే మాట. అవతలి వాళ్లు అది విని, "అయ్యో, వద్దులెండి" అని వెనక్కి తగ్గాలి. తగ్గుతారు కూడా. మా మర్యాద అట్లా నడుస్తుంది. ఆ ప్లగ్గుకి వెనక్కి తగ్గడం తెలియదు.

ఆ ఎండాకాలం మా ఊళ్లో ఒక్కసారి కూడా కోత పడలేదు. టీ కొట్టు దగ్గర నన్ను చూసి, మీ అమ్మాయి చలవ రాఘవులు గారూ అనేవాళ్లు. నేను తల ఊపేవాణ్ణి.

మధ్యాహ్నం భోజనం చేసి నూలు డిపోకి కాపలా వెళ్లి, పొద్దు వాలాక ఇంటికి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి మిషను ఆడుతూనే ఉండేది. నాంచారమ్మ మాత్రం రోజురోజుకీ నీరసించింది. కూర తరుగుతూ మధ్యలో కత్తిపీట మీద చెయ్యి ఆపి అట్లాగే కూర్చునేది. గోళ్లు నీలంగా కనపడేవి. డాక్టరు మిషన్లో గాలి పెంచాడు. వయసు మీద పడిందన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

"ఎట్టా ఉంది?" అని అడిగితే, "పర్వాలేదయ్యా" అనేది. ఇంకేమంటుంది.

వేసవి ముదిరాక ఒకరోజు హైమ ఫోను చేసింది. వాళ్ల కంపెనీవాళ్లు ముందుగా ప్లగ్గులు పెట్టుకున్న ఇళ్లలో మా ఇంటిని ఎంచారట. నాకు, వాళ్లమ్మకి సన్మానం చేస్తారట. కారు పంపిస్తారట.

నాంచారమ్మకి అంత దూరం కూర్చునే ఓపిక లేదు. "నువ్వు వెళ్లి రాయ్యా. పిల్ల నలుగురిలో చిన్నబోద్ది" అంది. పెట్టెలోంచి నేను ఆఖరున నేసిన కండువా తీసి నా భుజాన వేసింది. గడపదాకా వచ్చి నిలబడింది. ముక్కు గొట్టం అంతవరకే సాగుతుంది.

ఆ కంపెనీ హాలు చల్లగా ఉంది. వెలుతురు తెల్లగా కళ్లలో పొడిచింది. హైమ పై ఆఫీసరు కౌండిన్య గారట, నాకు శాలువా కప్పాడు. చేత్తో తడిమితే తెలిసింది. మరమగ్గం మీద నేసిన పాలిస్టరు. నా కండువా దాని కింద నలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. హైమ నా పక్కనే నిలబడింది. ముఖం వెలిగిపోతుందని అనుకున్నాను. చూస్తే పాలిపోయి ఉంది.

గోడంత తెర మీద మా ఊరు కనపడింది. ప్రతి ఇల్లూ ఒక చుక్క. కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా ఉన్నాయి.

"ఎర్రవి గట్టి ఇళ్లు. అడిగితే కాదంటాయి" అన్నాడు కౌండిన్య. "పచ్చవి మెత్తటి ఇళ్లు. ఊరు నడిచేది వీటి మీదే. మొదట్లో పదిళ్లని అడిగితే రెండో మూడో ఒప్పుకునేవి. అప్పుడు హైమ ఒక మాట చెప్పింది, అడిగేది బయటివాడి గొంతు కాకూడదు, ఇంటి బిడ్డ గొంతు కావాలని. ముందు వాళ్లింట్లోనే పెట్టి చూసింది. చూడండి రాఘవులు గారూ, అన్నిటికంటే పచ్చగా ఉన్నది మీ ఇల్లే. ఇంతవరకు ఒక్కసారి కూడా కాదనలేదు. ఇప్పుడే వినిపిస్తా."

"ఇప్పుడొద్దు సార్" అంది హైమ.

"ఇప్పుడు మధ్యాహ్నం గదా, కరెంటు బిగువుగా ఉండే వేళ. ఇదే మంచి సమయం" అని ఆయన ఏదో నొక్కాడు.

బల్ల మీద పెట్టెలోంచి మా ఇంటి చప్పుడు వచ్చింది. కాకి అరుపు, మస్తానమ్మ వాళ్ల రోలు చప్పుడు. తర్వాత హైమ గొంతు.

"అమ్మా, బజారు వైపు కరెంటు చాలట్లేదు. కాసేపు ఆపనా?"

నేను పక్కకి చూశాను. హైమ పెదాలు మూసుకునే ఉన్నాయి.

నాంచారమ్మ వెంటనే పలకలేదు. పలికినప్పుడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి లాగింది. "ఇందాకే గదమ్మా... మళ్లీ వేశావు."

"కొంచెం సేపేనమ్మా."

"పర్వాలేదులే."

హాల్లో చప్పట్లు కొట్టారు. కాకి అరుపు ఇంకా వినపడుతూనే ఉంది. కానీ ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండే ఒక చప్పుడు లేదు. మిషను గుర్రుమనే చప్పుడు. మగ్గం ఆగితే ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అట్లా ఉంది.

"ఏది ఆపింది?" అన్నాను.

కౌండిన్య చిరునవ్వు నవ్వాడు. "ఎక్కువసేపు కాదండీ. వాళ్లు ఒప్పుకుంటేనే ఆపుద్ది."

"హైమా, ఏది ఆపింది?"

పిల్ల నేలచూపు చూసింది.

నా జేబులో బటన్ల ఫోను ఉంది. మస్తానమ్మకి చేశాను. "మా ఇంట్లోకి పరిగెత్తు. మీ వదిన మిషను ప్లగ్గులోంచి పీకి గోడకి పెట్టు."

"ఏమైందన్నా?"

"పీకమ్మా."

ఆ పెట్టె ఆపాలని ఎవరికీ తోచలేదు. రోలు చప్పుడు ఆగింది. మా తలుపు దబ్బున తెరుచుకుంది. "వదినా, ఏంది ఇట్టా అయిపోయావు, వదినా" అని మస్తానమ్మ అరుపు. వెంటనే మళ్లీ మా అమ్మాయి గొంతు, మెత్తగా, ముద్దుగా.

"అత్తా, ఆ వైరు తియ్యొద్దు. కాసేపు ఓర్చుకుంటే అయిపోద్ది."

"నువ్వెవతివే నాకు చెప్పటానికి? నీ గొంతులో నిప్పులు పొయ్య."

ఏదో విరిగిన చప్పుడు. పెట్టె మూగబోయింది. తెర మీద మా ఇంటి చుక్క ఆరిపోయింది.

నేను శాలువా తీసి కుర్చీ మీద పెట్టి బయటికి నడిచాను.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో హైమ నా పక్కన కూర్చుంది. మస్తానమ్మ నాంచారమ్మని ఆటోలో ఆసుపత్రికి చేర్చిందని, ప్రాణం ఉందని కబురు వచ్చింది. పొలాలు, ఎండిన కాలవలు వెనక్కి పోతున్నాయి.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"మొదట్లో మిషన్‌ని ఆపనా అని అడగొద్దనే పెట్టాం నాన్నా. తర్వాత పైవాళ్లు ఏ వస్తువునీ మినహాయించొద్దన్నారు. అడగటమే గదా, అమ్మ వద్దంటే ఆగేదే. ఒక్కసారి వద్దని ఉంటే చాలు, మళ్లీ అడిగేది కాదు." ముఖం నా వైపు తిప్పింది. "అమ్మ వద్దంటుందనుకున్నా."

"నీకెప్పుడన్నా వద్దని చెప్పిందా మీ అమ్మ?"

హైమ కిటికీ వైపు తిరిగింది.

నాంచారమ్మ కండెలు చుట్టి చుట్టి దగ్గుతూనే ఆ పిల్ల ఫీజులు కట్టింది. హాస్టల్‌కి పంపాలంటే చెవుల్లో ఉన్నవి తీసిచ్చింది. ఆ పిల్ల ఏది అడిగినా పర్వాలేదమ్మా అనే ఇచ్చింది. నేనూ ఇచ్చాను. అడిగితే ఇస్తామని ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. మా పిల్లకి తెలుసు.

"ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా మొదట మన ఇల్లే ఎందుకు?"

"మనింట్లో ఎవరూ అరవరని" అంది.

ఇంక నేను అడగలేదు. అడగడానికి ఏం మిగిలింది.

నాంచారమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది గానీ, మంచం దిగే ఓపిక రాలేదు. ప్లగ్గులన్నీ నేనే పీకాను. వాటికి పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. మిషను వైరు నేరుగా గోడకే పెట్టాను. ఒక సాయంత్రం ఆమెకి జావ తాగిస్తూ అడిగాను.

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"ఏం చెప్పను? అది ఆగినప్పుడల్లా కూత పెట్టేదయ్యా. మస్తానమ్మకి వినపడితే పిల్లని ఆడిపోసుకుంటదని కూత ఆపే బటన్ నేనే నొక్కేదాన్ని."

"గోడలో ఉన్నది పిల్ల కాదే."

"తెలవదా నాకు?" అంది. ఊపిరి కూడదీసుకుని మళ్లీ అంది. "గొంతు దానిదేగా. ఆ గొంతుకి లేదని చెప్పటానికి నోరు రాలా."

జావ వద్దని తల తిప్పుకుంది. నేను గిన్నె కింద పెట్టాను.

కంపెనీవాళ్లు వచ్చి పొరపాటు జరిగిందన్నారు. ఊపిరి మిషన్లు ఉన్న ఇళ్లని ఇకమీదట అడగదన్నారు. ప్లగ్గులు మాత్రం ఊళ్లో ఉన్నాయి. కోత లేని ఊరు ఎవరికి చేదు? ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇంటి బిడ్డ గొంతే పెట్టారు. మస్తానమ్మకి కూడా పాతది తీసి కొత్తది ఇచ్చారు. దాంట్లో ఆమె చిన్న మనవడి గొంతు ఉంది. నిన్న మధ్యాహ్నం గోడ అవతలినుంచి వినపడింది. వాడు గారంగా ఏదో అడిగాడు.

"ఆపుకోరా నా బంగారం" అంది మస్తానమ్మ. "పర్వాలేదు."

ఆ గయ్యాళి నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. లేచి వెళ్లి చెప్పాను. మనవడు కాదమ్మా అన్నాను. తెలుసులే అన్నా అంది. నాంచారమ్మ అన్నట్టే అంది.

ఇవాళ హైమ వచ్చింది.

రావడానికి ఇన్నాళ్లు పట్టింది. రమ్మని నేను అనలేదు, వద్దని కూడా అనలేదు. ఎండ తగ్గిన వేళ, నేను మంచం పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను. నాంచారమ్మ కళ్లు మూసుకుని ఉంది. బయట మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు అయింది.

"అమ్మా" అని పిలిచింది.

నాంచారమ్మ కళ్లు తెరిచింది. గుమ్మం వైపు చూడలేదు. గోడ వైపు చూసింది. మంచం పట్టె మీద ఉన్న చెయ్యి పాకుతూ పోయి మిషను వైరు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

పిల్ల అది చూసింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. సన్నబడింది. చేతిలో బత్తాయిల సంచి ఉంది.

"అమ్మా, నేనే. నిజంగా నేనే" అంది.

ఆ మాట ఆ ప్లగ్గు కూడా అనగలదు. నేను ఆమె పెదాలు చూశాను. కదులుతున్నాయి. కన్నబిడ్డ పలికిందో లేదో పెదాలు చూసి తెలుసుకోవలసి వచ్చింది. నాంచారమ్మకి అంత దూరం కళ్లు ఆనవు. ఆమెకి గొంతు ఒక్కటే తెలుసు. ఆ గొంతు వినపడినప్పుడల్లా ఊపిరి పోయింది.

"నాన్నా" అంది హైమ. "లోపలికి రానా?"

అడిగింది. ఈ ఇంట్లో ఎవరు ఏది అడిగినా ఒకటే జవాబు. అది నా నాలుక మీదకి వచ్చింది కూడా. నాంచారమ్మ చెయ్యి చూసి దాన్ని మింగాను.

"రా" అన్నాను. "మాట్లాడకుండా రా."

హైమ కాసేపు నా ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి నోరు మూసుకుంది. లోపలికి వచ్చి సంచి కింద పెట్టి మంచం చివర కూర్చుంది. వాళ్లమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుని, చిన్నప్పుడు చేసినట్టు, మెల్లగా పిసకసాగింది. ఆ వేళ్ల తీరు నాంచారమ్మకి తెలుసు. ముఖం కొంచెం సడలింది. కళ్లు మూసుకుంది.

వైరు పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.